రాజ్యం పోయింది... రంగస్థలం మిగిలింది!

నాయకుడి వేషానికి చప్పట్లు, ప్రతినాయకుడి వేషానికి పేరు! నాటకాలాడిన వాళ్ళని ఎవర్నడిగినా ఈ మాట కాదనరు. మన నాటక సమాజాల్లో దుర్యోధనుడి కిరీటం కోసం ఎంత పోటీ వుండేదో పాత తరం వాళ్ళకి బాగా తెలుసు.

ఇంగ్లీషు రంగస్థలం మీద సరిగ్గా అలాంటి వేషం ఒకటుంది. నాలుగు వందల ఏళ్ళకు పైగా అక్కడి మహానటులు దాని కోసం తహతహలాడుతూనే వున్నారు. డేవిడ్ గారిక్, ఎడ్మండ్ కీన్, హెన్రీ ఇర్వింగ్, లారెన్స్ ఒలీవియర్, ఇయాన్ మెక్‌కెలెన్, ఆల్ పచీనో... అందరూ ఆ వేషం కట్టినవాళ్ళే!

ఆ పాత్ర పేరు మూడో రిచర్డ్. వీపు మీద గూని, ఎండిపోయిన చెయ్యి, నాలుక మీద తేనె, కడుపులో విషం. సింహాసనమెక్కి అన్నకొడుకుల్ని చంపిస్తాడు. చివరికి యుద్ధభూమిలో గుర్రం కోసం కేకలు పెట్టి ప్రాణాలు విడుస్తాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఇది కవి పుట్టించిన పాత్ర కాదు. నిజంగా పుట్టి, రెండేళ్ళ రెండు నెలలు ఇంగ్లండుని ఏలి, 32 ఏళ్ళకే యుద్ధంలో చచ్చిపోయిన మనిషి. ఆయన ఎముకలు 2012లో ఒక కార్ల పార్కింగు కింద దొరికాయి. పరీక్షించి చూస్తే చెయ్యి ఎండలేదు, వీపున గూనీ లేదు!

మరి నాలుగు శతాబ్దాలుగా నాటకం చెప్పిన కథ మాటేమిటి? ఒక గొప్ప నాటకం చచ్చిపోయిన మనిషికి అన్యాయం చేయగలదా? చేస్తే ఆ అప్పు ఎవరు తీర్చాలి? ఈ ప్రశ్న పట్టుకుని నేను ఒలీవియర్ చిత్రం దగ్గర్నుంచి మొన్నమొన్నటి 'ది లాస్ట్ కింగ్' దాకా వరసగా చూశాను. చూసినకొద్దీ తెర మీద కథ కంటే తెర వెనుక కథే రసవత్తరంగా కనిపించింది.

దాయాదుల పోరు

ముందు ఆ వంశం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ప్లాంటాజెనెట్ వంశం 1154లో రెండో హెన్రీతో సింహాసనమెక్కింది. 1485లో మూడో రిచర్డ్‌తో అంతరించింది. అంటే 331 ఏళ్ళు! రెండో హెన్రీ తండ్రి తన టోపీలో ఒక పచ్చపూల కొమ్మ పెట్టుకునేవాడట. ఆ మొక్కకున్న లాటిన్ పేరే వంశానికి పేరైందని చెబుతారు. సింహహృదయుడని పేరుపడ్డ మొదటి రిచర్డ్, 1215లో మాగ్నా కార్టా మీద ముద్ర వేసిన జాన్, 1415లో అజిన్‌కోర్ట్ యుద్ధం గెలిచిన అయిదో హెన్రీ, అందరూ ఈ ఇంటివాళ్ళే.

1399లో రెండో రిచర్డ్‌ని దింపి పినతండ్రి కొడుకు నాలుగో హెన్రీ గద్దె ఎక్కాడు. నిప్పు అక్కడే రాజుకుంది. ఒకే చెట్టు కొమ్మలైన లాంకాస్టర్ వాళ్ళు, యార్క్ వాళ్ళు 1455 నుంచి కత్తులు దూసుకున్నారు. తర్వాతి వాళ్ళు దీనికి గులాబీల యుద్ధాలని పేరు పెట్టారు. మన కురుపాండవుల కథే అనుకోండి. కాకపోతే ఇక్కడ రాయబారానికి వెళ్ళే కృష్ణుడు లేడు!

1483 ఏప్రిల్‌లో యార్క్ రాజు నాలుగో ఎడ్వర్డ్ చనిపోయాడు. పెద్ద కొడుక్కి పన్నెండేళ్ళు, చిన్నవాడికి తొమ్మిదేళ్ళు. సంరక్షకుడిగా వచ్చిన చిన్నాన్న రిచర్డ్ ఆ పిల్లల్ని లండన్ టవర్ కోటలో వుంచాడు. వాళ్ళ తల్లిదండ్రుల పెళ్ళి చెల్లదన్న వాదం లేచింది. జూన్‌లో చిన్నాన్నే రాజయ్యాడు. తర్వాత ఆ పిల్లల్ని చూసినవాళ్ళు లేరు. 1485 ఆగస్టు 22న బాస్వర్త్ దగ్గర హెన్రీ ట్యూడర్‌తో జరిగిన యుద్ధంలో రిచర్డ్ నేలకొరిగాడు. యుద్ధభూమిలో చచ్చిపోయిన చివరి ఇంగ్లీషు రాజు ఆయనే. గెలిచిన హెన్రీ మరుసటి ఏడాది నాలుగో ఎడ్వర్డ్ కూతుర్ని పెళ్ళాడి, ఎర్రగులాబీనీ తెల్లగులాబీనీ కలిపి తన వంశానికి గుర్తు చేసుకున్నాడు.

గెలిచినవాళ్ళ గడ్డ మీద ఓడినవాళ్ళ కథ

ఇదంతా జరిగిన వందేళ్ళకి విలియం షేక్స్‌పియర్ కలం పట్టాడు. అప్పుడు గద్దె మీదున్నది ఎవరు? మొదటి ఎలిజబెత్ రాణి. అంటే రిచర్డ్‌ని ఓడించిన హెన్రీ ట్యూడర్‌కి సాక్షాత్తూ మనమరాలు! మరి రాణిగారి తాత దొంగతనంగా రాజ్యం కాజేశాడని నాటకం రాస్తే కవి తల మెడ మీద వుంటుందా?

షేక్స్‌పియర్ ఈ వంశం మీద రెండో రిచర్డ్ నుంచి మూడో రిచర్డ్ దాకా ఏకంగా ఎనిమిది నాటకాలు రాశాడు. కొన్ని కల్పనలు చూస్తే నవ్వొస్తుంది. 1455లో సెయింట్ ఆల్బన్స్ యుద్ధంలో రిచర్డ్ కత్తి ఝళిపించి శత్రువుని చంపినట్టు ఒక నాటకంలో చూపించాడు. నిజానికి ఆ రోజుకి రిచర్డ్‌కి మూడేళ్ళు కూడా నిండలేదు! పాలబుగ్గల పిల్లాడి చేతికి కత్తిచ్చాడన్నమాట. తోటలో ప్రభువులు ఎర్రగులాబీ, తెల్లగులాబీ కోసుకుని పక్షాలుగా చీలిపోయే ప్రసిద్ధ ఘట్టం కూడా కవి సృష్టే.

అయితే షేక్స్‌పియర్ కావాలని అబద్ధం ఆడాడని నేననను. ఆయన చేతికి అందిన చరిత్ర పుస్తకాలే అలా వున్నాయి. వాటికి మూలం సర్ థామస్ మోర్ రాసిన రిచర్డ్ చరిత్ర. ఆ మోర్ పుట్టింది 1478లో. రిచర్డ్ చనిపోయేనాటికి ఏడేళ్ళ పిల్లాడు. పైగా చిన్నతనంలో పనిచేసిందెవరి ఇంట్లో? రిచర్డ్‌కి బద్ధశత్రువైన జాన్ మోర్టన్ ఇంట్లో! ఇక కథ ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పాత్ర మాత్రం అద్భుతం! తెర లేవగానే రిచర్డ్ నేరుగా ప్రేక్షకులతోనే మాట్లాడతాడు. చేయబోయే ఘోరాన్ని ముందే మన చెవిలో వేస్తాడు. మామగారి శవపేటిక పక్కన నడుస్తున్న ఆన్ దగ్గరికి వెళ్ళి, ఆమె భర్తని చంపినవాడే అక్కడికక్కడ ప్రేమ ఒలకబోసి మనసు మార్చేస్తాడు. ఆమె వెళ్ళగానే మన వైపు తిరిగి, చూశారా నా పనితనం అన్నట్టు మురిసిపోతాడు. మనకి వాడి మీద అసహ్యం కలగాలి. కలగదు! వాడి కుట్రలో మనమూ భాగస్తులమైపోతాం. నటులు ఈ వేషం కోసం ఎందుకు కొట్టుకుంటారో ఇప్పుడర్థమైందా?

బర్బేజ్ మొదలు బూత్ దాకా

ఈ వేషం తొలిసారి కట్టింది షేక్స్‌పియర్ బృందంలోని రిచర్డ్ బర్బేజ్. ఆ రోజుల్లోనూ గాసిప్ కాలమ్‌కి పనికొచ్చే కబుర్లుండేవి. 1602లో జాన్ మానింగ్‌హామ్ అనే న్యాయ విద్యార్థి తన డైరీలో ఒకటి రాసుకున్నాడు. బర్బేజ్ నటన చూసి మోజుపడ్డ ఒక ఇల్లాలు, రాత్రికి మూడో రిచర్డ్ పేరుతో వచ్చి తలుపు తట్టమని కబురు పెట్టిందట. అది విన్న షేక్స్‌పియర్ ముందే వెళ్ళి కూర్చున్నాడు. కాసేపటికి మూడో రిచర్డ్ గుమ్మంలో వున్నాడని కబురొస్తే, రిచర్డ్ కంటే విలియం ముందువాడని జవాబు పంపాడట! ఇంగ్లండుని జయించిన మొదటి విలియం రాజు పేరూ, తన పేరూ కలిసొచ్చేలా వేసిన చమత్కారం అది. నిజమో కాదో గానీ, పాత్రకి అప్పుడే ఎంత గిరాకీ వుందో తెలుస్తోంది కదా!

1700 ప్రాంతంలో కాలీ సిబ్బర్ అనే నటుడు ఈ నాటకాన్ని కత్తిరించి, ఇతర నాటకాల ముక్కలు అతికించి, తన సొంత మాటలు కూడా కలిపి కొత్తగా తయారుచేశాడు. శతాబ్దానికి పైగా జనం చూసింది ఆ కలగూరగంపనే! 1741 అక్టోబర్ 19న లండన్‌లో ఇరవై నాలుగేళ్ళ డేవిడ్ గారిక్ ఈ వేషంతో ఒక్క రాత్రిలో పేరు తెచ్చుకున్నదీ ఆ ప్రతితోనే. యుద్ధానికి ముందు రాత్రి గుడారంలో చచ్చినవాళ్ళ ఆత్మలు కనిపించి ఉలిక్కిపడే గారిక్‌ని హోగార్త్ తైలవర్ణ చిత్రంగా గీశాడు. ఆ చిత్రం లివర్‌పూల్‌లోని వాకర్ ఆర్ట్ గ్యాలరీలో వుంది. 1877లో హెన్రీ ఇర్వింగ్ ఆ అతుకులు విప్పి షేక్స్‌పియర్ మాటల్ని మళ్ళీ రంగం మీదికి తెచ్చాడు.

అమెరికాలో ఈ వేషానికి పేరుమోసినవాడు జూనియస్ బ్రూటస్ బూత్. ఆయన కొడుకు జాన్ విల్క్స్ బూత్ కూడా రిచర్డ్‌గా నటించాడు. 1865లో నాటకశాలలోనే అధ్యక్షుడు లింకన్‌ని కాల్చి చంపింది ఈ కొడుకే!

వెండితెర మీద వెయ్యి ముఖాలు

సినిమా పుట్టగానే రిచర్డ్ తెరకెక్కాడు. 1912లో అమెరికాలో ఫ్రెడరిక్ వార్డ్ నటించిన మూకీ వచ్చింది. వార్డ్ కొన్ని ఊళ్ళకి సినిమాతో పాటు తనే వెళ్ళి, తెర దగ్గర నిలబడి ఉపన్యాసమిచ్చి, నాటకంలోని మాటలు వినిపించేవాడు. తర్వాత ఆ చిత్రం మాయమైంది. అందరూ ఆశ వదులుకున్నాక, 1996లో పోర్ట్‌లండ్‌లో ఒక మాజీ ప్రొజెక్షన్ ఆపరేటర్ తాను భద్రంగా దాచుకున్న రీళ్ళు తెచ్చి ఇచ్చాడు! మిగిలివున్న అమెరికన్ ఫీచర్ చిత్రాల్లో అతి పాతది ఇదేనని అమెరికన్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ అప్పట్లో ప్రకటించింది. పాపం, మన తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ'కి ఆ అదృష్టం పట్టలేదు.

1955లో లారెన్స్ ఒలీవియర్ నిర్మాతగా, దర్శకుడిగా, కథానాయకుడిగా మూడు బరువులూ మోస్తూ రంగుల్లో 'రిచర్డ్ ది థర్డ్' తీశాడు. పొడుగాటి కృత్రిమ ముక్కు, నల్లని జుట్టు, కెమెరా కళ్ళలోకి సూటిగా చూసే చూపు! యుద్ధ సన్నివేశాలు స్పెయిన్‌లో తీస్తుంటే నిజం బాణం ఒకటి వచ్చి కాలికి దిగింది. పాత్ర ఎలాగూ కుంటేదే కాబట్టి బండి ఆగలేదు. అమెరికాలో ఈ చిత్రాన్ని 1956 మార్చి 11న సినిమాహాల్లోనూ, అదే రోజు టెలివిజన్‌లోనూ వేశారు. ఆ ఒక్క రోజే టీవీలో కోట్లమంది చూశారు. ఒలీవియర్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది గానీ బహుమతి యూల్ బ్రిన్నర్ పట్టుకుపోయాడు.

1995లో ఇయాన్ మెక్‌కెలెన్ కథని 1930ల ఇంగ్లండుకి తెచ్చి, రిచర్డ్‌ని ఫాసిస్టు నియంతగా చూపించాడు. చివర్లో జీపు చక్రాలు కూరుకుపోతాయి. అప్పుడు గుర్రం కోసం కేకేస్తాడు! నాలుగు వందల ఏళ్ళ నాటి కేక మోటారు యుగంలో కూడా అతికినట్టు సరిపోయింది. మరుసటి ఏడాది ఆల్ పచీనో 'లుకింగ్ ఫర్ రిచర్డ్' తీశాడు. అసలు ఈ నాటకం మామూలు జనానికి అర్థమవుతుందా అని న్యూయార్క్ వీధుల్లో కనిపించినవాళ్ళనల్లా అడుగుతాడందులో. రిచర్డ్ డ్రైఫస్ అయితే 'ది గుడ్‌బై గర్ల్' (1977)లో రిచర్డ్ వేషం వేయలేక నానా పాట్లూ పడే నటుడిగా నటించి ఏకంగా ఆస్కారే కొట్టేశాడు!

వంశంలో మిగతావాళ్ళకీ తెర మీద లోటు లేదు. పీటర్ ఓ'టూల్ రెండో హెన్రీగా 'బెకెట్' (1964), 'ది లయన్ ఇన్ వింటర్' (1968) రెండింటిలోనూ నటించాడు. రెండో చిత్రంలో ఆయన రాణిగా కాథరిన్ హెప్బర్న్‌కి ఆస్కార్ వచ్చింది. ఇప్పటి కుర్రకారు ఎగబడి చూసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథకి కూడా ఈ గులాబీల యుద్ధాలే ప్రేరణ అని రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ చెప్పాడు. స్టార్క్, లానిస్టర్ పేర్లు పలికి చూడండి. యార్క్, లాంకాస్టర్ వినబడటం లేదూ?

పార్కింగు కింద మహారాజు

నాటకం ఎంత బిగ్గరగా తిట్టిందో, రిచర్డ్ తరఫు వకీళ్ళు అంత పట్టుదలగా తయారయ్యారు. 1768లోనే హొరేస్ వాల్పోల్ ఈ నేరాల మీద అనుమానాలు లేవనెత్తుతూ పుస్తకం రాశాడు. 1924లో రిచర్డ్ అభిమానులు ఏకంగా సంఘమే పెట్టారు. 1951లో జోసెఫిన్ టే రాసిన డిటెక్టివ్ నవలలో ఆస్పత్రి మంచం మీదున్న పోలీసు అధికారి రిచర్డ్ చిత్రపటం చూసి, ఇది హంతకుడి ముఖం కాదే అని దర్యాప్తు మొదలెడతాడు. ఆ నవల చదివి రిచర్డ్ పక్షం చేరినవాళ్ళెందరో!

ఆ అభిమానుల్లో ఒకరు ఫిలిప్పా లాంగ్లీ. లెస్టర్ నగరంలో ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల మఠం వున్నచోట రిచర్డ్‌ని పూడ్చారనీ, ఇప్పుడది కార్లు నిలిపే స్థలమనీ నమ్మి, డబ్బు కూడగట్టి తవ్వకాలకి అందర్నీ కదిలించింది. లెస్టర్ విశ్వవిద్యాలయం పురావస్తు శాస్త్రజ్ఞులు 2012 ఆగస్టు 25న పలుగు వేశారు. మొదటి రోజే ఎముకలు బయటపడ్డాయి! రిచర్డ్ అక్కగారి ఆడసంతతి వరసలో వచ్చిన లండన్ వడ్రంగి ఒకాయన డి.ఎన్.ఏ.తో పోల్చి చూసి, 2013 ఫిబ్రవరి 4న అవి రిచర్డ్ ఎముకలే అని ప్రకటించారు. ఎముకల మీద పదకొండు గాయాలు, అందులో తొమ్మిది పుర్రె మీదే. వెన్నెముక పక్కకి వంగిన మాట నిజమే. దానివల్ల ఒక భుజం కొంచెం ఎత్తుగా వుండేది. అంతకు మించి నాటకం తగిలించిన గూనీ, ఎండిన చెయ్యీ అబద్ధాలే!

2015 మార్చి 26న లెస్టర్ కెథెడ్రల్‌లో రాజలాంఛనాలతో సమాధి చేశారు. శవపేటిక తయారుచేసింది ఆ వడ్రంగే. ఆ సభలో కవిత చదివిన నటుడు బెనెడిక్ట్ కంబర్‌బాచ్ రిచర్డ్‌కి దూరపు బంధువు. సరిగ్గా మరుసటి ఏడాది 'ది హాలో క్రౌన్' టీవీ ధారావాహికలో ఆయన కట్టిన వేషమేమిటో తెలుసా? గూని వీపుతో రిచర్డ్ వేషమే! సమాధి దగ్గర బంధువు, తెర మీద విలన్. నటుడి బతుకంటే ఇదే మరి.

ఈ అన్వేషణ మీద స్టీఫెన్ ఫ్రియర్స్ 2022లో 'ది లాస్ట్ కింగ్' తీశాడు. లాంగ్లీగా శాలీ హాకిన్స్ నటించింది. అయితే విశ్వవిద్యాలయం అధికారుల్ని ఘనత కొట్టేసేవాళ్ళుగా చూపించారని గొడవ లేచింది. తెర మీద తన పేరుతోనే కనబడిన ఒక మాజీ అధికారి పరువునష్టం దావా వేశాడు. ఆ చిత్రణ పరువుకి భంగం కలిగించే అర్థమే ఇస్తోందని 2024లో న్యాయమూర్తి తొలి దశలోనే తేల్చారు. విచిత్రం చూడండి! నాటకం ఒక మనిషికి అన్యాయం చేసిందని చెప్పడానికి తీసిన సినిమా, తానూ అదే నేరం చేసిందని కోర్టుకెక్కింది. రిచర్డ్ చచ్చి అయిదు వందల ఏళ్ళు దాటింది కాబట్టి దావా వేయలేకపోయాడు. బతికున్నవాడు వేశాడు. తేడా అంతే!

మరి తీర్పేమిటి?

మన దగ్గర కథ తిరగబడింది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. గెలిచింది విజయనగరం, ఫ్రెంచి ఫిరంగులు. కానీ ఊరూరా బుర్రకథల్లో పాడింది ఓడిన బొబ్బిలి కథే. 'బొబ్బిలి యుద్ధం' (1964), 'తాండ్ర పాపారాయుడు' (1986) చిత్రాలు రెండూ బొబ్బిలి పక్షమే. బొబ్బిలికి జనం నోట కవులు దొరికారు. రిచర్డ్‌కి దొరికిన కవి మాత్రం గెలిచినవాళ్ళ రాజ్యంలో బతుకుతున్నవాడు. రాజ్యం ఎవరిదన్నది కత్తి తేలుస్తుంది గానీ, పేరు ఎవరిదన్నది కథ చెప్పేవాడు తేలుస్తాడు.

పోనీ నాటకాన్ని తిరగరాయాలా? దుర్యోధనుడి వైపు నుంచి కూడా కథ చెప్పొచ్చని 1977లో 'దాన వీర శూర కర్ణ'లో ఎన్.టి.ఆర్. చూపించారు. అయినా భారతం భారతంగానే వుంది. ఇంగ్లండులోనూ వేషాన్ని కొత్త కళ్ళతో చూస్తున్నారు. 2022లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ ఈ పాత్రని పుట్టుకతోనే చేతి వైకల్యం వున్న ఆర్థర్ హ్యూస్‌కి ఇచ్చింది. ఆ సంస్థలో అలాంటి నటుడు రిచర్డ్ కావడం అదే మొదటిసారి. 2024లో గ్లోబ్ థియేటర్‌లో మిషెల్ టెర్రీ ఈ వేషం వేస్తే వికలాంగ కళాకారులు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ బాధ న్యాయమైందే. వంకర ఒంట్లో వంకర బుద్ధే వుంటుందని నాటకం నాలుగు శతాబ్దాలు నూరిపోసింది. ఆ మచ్చ రిచర్డ్ ఒక్కడిదే కాదు, ఒంటి లోపంతో పుట్టిన ప్రతివాడికీ అంటింది. నా దృష్టిలో నాటకం చేసిన అసలు అన్యాయం అదీ!

రిచర్డ్‌ని మచ్చలేని మహారాజు చేయాలని నాకు లేదు. లార్డ్ హేస్టింగ్స్‌ని విచారణ లేకుండా తల తీయించిన మాట వాస్తవం. టవర్‌లో మాయమైన ఇద్దరు పసివాళ్ళు ఆయన కాపలాలో వున్నవాళ్ళే. దానికి జవాబు ఎముకల్లో దొరకలేదు. అలాగే 1484లో ఆయన పార్లమెంటు నేరం రుజువు కాకముందే ఆస్తి జప్తు చేయకుండా సామాన్యుడికి రక్షణ కల్పించిన మాటా వాస్తవమే. నాటకంలో ఆ ముక్క లేదు!

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ నాటకమే లేకపోతే రెండేళ్ళు ఏలిన ఈ రాజు గురించి అయిదు వందల ఏళ్ళ తర్వాత పార్కింగు స్థలం తవ్వించేవాళ్ళెవరు? సంఘం పెట్టేవాళ్ళెవరు? నల్లరంగు పులిమిన నాటకమే ఆయన పేరు చెరిగిపోకుండా కాపాడింది.

వీలైతే ముందు ఒలీవియర్ చిత్రం, తర్వాత మెక్‌కెలెన్ చిత్రం, ఆఖర్న 'ది లాస్ట్ కింగ్' చూడండి. మొదటి రెండూ చూస్తూ వాడి మాటల్లో పడి మురిసిపోవడం ఖాయం. మూడోది చూశాక, ఎవరి మాట నమ్మి మురిసిపోయామా అని కాసేపు ఆలోచిస్తారు. తీర్పు మాత్రం మీదే!